నాన్న సభ్యత్వాలు

ఆ రోజు మధ్యాహ్నం నాన్న తలుపు తట్టాడు. తలుపు తీసే ఉంది.

ఎవరో కొత్తవాళ్ళనుకుని అమ్మ కొంగు సర్దుకుంది. నేను వీధి గుమ్మంలోకి వెళ్ళి చూస్తే నాన్న. చెప్పులు రెండూ పక్కపక్కన పెట్టి, అరుగు అంచున కూర్చుని ఉన్నాడు. మామూలుగా అయితే నాన్న చెప్పులు ఒకటి వాకిట్లో, ఇంకొకటి కొబ్బరి చెట్టు దగ్గర పడి ఉంటాయి. వీధి మలుపులో ఉండగానే "ఏం కూర?" అని అరుస్తాడు. ఆ కేకకి మా పిల్లి కూడా లేచి నిలబడుతుంది.

"ఇక్కడ కూర్చున్నావేంటి నాన్నా?"

"ఏం లేదమ్మా. మీ అమ్మగారు పనిలో ఉన్నారేమోనని."

ఏడిపిస్తున్నాడనుకున్నాను. నవ్వబోయాను కానీ నాన్న నవ్వలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురు చూస్తున్నాడు. దేనికోసమో అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. మా ఊళ్ళో ఇంటికి ఎవరొచ్చినా ముందు మంచినీళ్ళిస్తాం. అవి తాగాకే వాళ్ళు లోపలికి వస్తారు. ఇంట్లోవాళ్ళకి ఎవరూ ఇవ్వరు, వాళ్ళే కుండ దగ్గరికి పోయి ముంచుకుంటారు. నాన్న నీళ్ళకోసం చూస్తున్నాడు.

తెచ్చి ఇచ్చాను. రెండు చేతులతో అందుకుని తాగి, గ్లాసు జాగ్రత్తగా పక్కన పెట్టాడు.

అన్నం దగ్గర ఇంకా వింత జరిగింది. అమ్మ ఆ రోజు బీరకాయ పచ్చడిలో ఉప్పు వెయ్యడం మర్చిపోయింది. నాన్న వంక పెట్టని కూర ఈ భూమ్మీద లేదు. పెళ్ళి భోజనాల్లో కూడా వంటవాణ్ణి పిలిపించి ఇంగువ ఎక్కువైందని చెప్పే మనిషి. అలాంటిది ఆ చప్పటి పచ్చడి కలుపుకుని తిని, "చాలా బాగుందండీ" అన్నాడు.

అమ్మ గరిట కింద పెట్టేసింది.

*

ఇదంతా నానమ్మతో మొదలైంది.

తాతయ్య పోయాక నానమ్మకి మతిమరుపు పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి చీరలు మూటకట్టుకుని "మా ఇంటికి పోతానమ్మా, పొద్దుపోయింది" అని గుమ్మం దిగేది. ఇదే మీ ఇల్లని ఎంత చెప్పినా వినేది కాదు. నాన్న ఆమెని స్కూటరు మీద ఎక్కించుకుని ఊరంతా తిప్పి మళ్ళీ ఇక్కడికే తెచ్చి "వచ్చేశాం, దిగు" అనేవాడు. కొన్నాళ్ళు అలా గడిచింది. తర్వాత ఆ పాచికా పారలేదు.

మా అక్క అరుంధతి మెదడు మీద పరిశోధన చేసేది. పెదలంక బజారులో, మూతపడిన ఐసు ఫ్యాక్టరీ మేడ మీద ఆమె ప్రయోగశాల. అక్క ఒక చుక్కమందు తయారు చేసింది, దానికి జతగా ఒక తావి. చుక్క నాలిక మీద వేసి, ఆ తావి పీలుస్తూ ఒక పూట ఒకచోట కూర్చుంటే చాలు, ఆ చోటు 'మనది' అని మెదడు రాసుకుంటుంది. ఆ తర్వాత చుక్క అక్కర్లేదు, తావి తగిలితే చాలు.

నానమ్మకి వేసిన రోజు సాయంత్రం మేమందరం మూట వైపే చూస్తూ కూర్చున్నాం. నానమ్మ మూట విప్పి చీరలు దండెం మీద వేసింది. తర్వాత వసారాలోకి వచ్చి, "సత్యవేణీ, ఈ తడి ఎవరు తుడుస్తారే, మీ పుట్టింటివాళ్ళొచ్చి తుడుస్తారా?" అంది.

అమ్మ నా చేయి పట్టుకుంది. "మా అత్తగారు నన్ను తిట్టారే" అంది, ఏదో బహుమతి వచ్చినట్టు.

ఆ తావి చెయ్యడం తేలిక కాదు. అక్కకి సాయం చేస్తున్న కంపెనీ ఆ ఏడాదే చేతులెత్తేసింది. ప్రయోగశాల మూసేస్తే నానమ్మ మళ్ళీ మూట కడుతుంది. అప్పుడు నాన్నకి ఆలోచన వచ్చింది.

"తన కొట్లోకి వచ్చినవాడికి సొంతింట్లో ఉన్నట్టుండాలని ఏ కొట్టువాడికుండదే అమ్మడూ? వాళ్ళచేత సభ్యత్వాలు పెట్టిద్దాం. చేరినవాడికి ఒక చుక్క. కొట్లో తావి. కొట్టువాళ్ళే నీ ల్యాబుని పోషిస్తారు."

అక్క కొన్నాళ్ళు ఆలోచించింది. నానమ్మకి చేసింది కొట్లో చేస్తే తప్పేముందనిపించింది. నాకూ అది తప్పనిపించలేదు.

నాన్న పేరు పేర్రాజు. పెదలంక చుట్టుపక్కల ఊళ్ళలో పచ్చళ్ళ పేర్రాజంటే తెలియనివాళ్ళు లేరు. స్కూటరు వెనక జాడీలు కట్టుకుని తిరిగేవాడు. ఆయనకో పద్ధతి ఉంది. జాడీ మూత తీయగానే కొనేవాళ్ళ ఎదురుగా ముందు తను ఇంత నాలిక మీద వేసుకుంటాడు. "అమ్మేవాడు తినంది కొనేవాడు ఎందుకు తినాలండీ?" అంటాడు. దాని వల్లే ఆయన్ని అందరూ నమ్మేవాళ్ళు.

సభ్యత్వాలంటే కొట్టుకో రకం ఉండాలన్నాడు నాన్న. అన్నింటికీ ఒకే చీటీ ఇస్తే అది రేషను కార్డు అవుతుందట. గంగరాజు టీ కొట్లో చేరినవాడి గ్లాసు మీద వాడి పేరుంటుంది, మేకుకి బోర్లించి ఉంటుంది, వాడే లోపలికి వెళ్ళి పోసుకోవచ్చు. టైలరు దగ్గర చేరితే పిల్లల ఎత్తు ఏటేటా కొట్టు గోడ మీదే గీత గీసి పెడతారు. విత్తనాల కొట్లో సభ్యుడు కొన్న విత్తనం గుప్పెడు ముందే పళ్ళెంలో మొలకెత్తించి, వాడి పేరు పెట్టి చూపిస్తారు. సైకిలు కొట్లో పంపు సభ్యుడి చేతికే ఇచ్చేస్తారు. చీరల కొట్లో చేరిన ఇంటి పాత చీరలు బొంతగా కుట్టి, వాళ్ళొచ్చినప్పుడు అదే పరిచి కూర్చోబెడతారు. మంగలి షాపులో ఎవరి దువ్వెన వాళ్ళదే. నాన్న ఇవన్నీ అరుగు మీద కూర్చుని చెబుతుంటే అక్క నవ్వేది.

"మనింట్లో కూడా సభ్యత్వం పెట్టండి, అప్పుడైనా కాసేపు ఉంటారు" అని అమ్మ దెప్పేది.

ప్రతి కొట్లోనూ మొదటి చుక్క నాన్నే వేసుకున్నాడు. జాడీ మూత తీసినట్టే, అందరి ఎదుట. ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా. అది ఆయన పద్ధతి. బజారంతా చప్పట్లు కొట్టింది. ఒక్కో కొట్టులో ఒక్కో పూట కూర్చుని, "అబ్బ, మనిల్లులా ఉందిరా" అని లేచేవాడు. బజారులో ఆయన సభ్యుడు కాని కొట్టు లేకుండా పోయింది.

*

నాన్న తలుపు తట్టిన మర్నాడు అక్కకి క్యారేజీ తీసుకుని ఐసు ఫ్యాక్టరీకి వెళ్ళాను. నాకు మాట తొందరగా రాదు. క్యారేజీ విప్పి, మూతలు సర్ది, మళ్ళీ విప్పాను.

"ఏంటే?" అంది అక్క.

"నిన్న నాన్న తలుపు తట్టాడు."

అక్క నవ్వుతుందేమోననుకున్నాను. నవ్వలేదు. ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది. తర్వాత చెయ్యి కడుక్కుని నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది.

అక్కడ పెద్ద గాజు పెట్టెలో ఒక తెల్ల ఎలుక ఉంది. పెట్టె నిండా చిన్న చిన్న అట్ట ఇళ్ళు. ఒక్కోదానికి ఒక్కో తావి రాశానని చెప్పింది అక్క. ఏ తావీ రాయని ఇల్లు ఒక్కటే, మూలనున్నది. ఆ ఇంట్లో ఎలుక పిల్లలున్నాయి, ఇంకా కళ్ళు తెరవనివి. కీచుమంటున్నాయి.

తల్లి ఎలుక ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి తిరుగుతోంది. ఒక ఇంట్లో పీచు సర్దింది. ఇంకో ఇంట్లో పడుకుని లేచింది. తిరుగుతూ తిరుగుతూ మూలనున్న ఇంటి దాకా వచ్చింది. ఆగింది. పిల్లల్ని వాసన చూసింది. తర్వాత ఒక్కదాన్నీ తొక్కకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఎంతో మర్యాదగా.

"వాటిని మర్చిపోలేదు హైమా. ఎవరివో దానికి తెలుసు. అయినా ఆగలేకపోతోంది." అక్క గాజు మీద చెయ్యి పెట్టింది. "మనది అనుకోడానికి మెదడులో చాలా చోటుందనుకున్నాను. లేదు. బిందెడే ఉంది. కొత్తచోటు వచ్చినప్పుడల్లా పాతదాంట్లోంచి వంచుకుంటోంది. ఒకటీ రెండూ ఇళ్ళతో చూసినప్పుడు ఏమీ కాలేదు. ఇన్ని ఎవరు తీసుకుంటారులే అనుకున్నాను."

పిల్లలు కీచుమంటూనే ఉన్నాయి. అక్క వాటిని దూదిలో ఎత్తి, చుక్కమందు వేసే గొట్టంతో పాలు పట్టింది.  

*

నాన్న గంగరాజు టీ కొట్లో ఉన్నాడు. తుండుగుడ్డ నడుముకి చుట్టి గ్లాసులు కడుగుతున్నాడు.

"ఇవేం పాలురా గంగరాజూ? గోదాట్లో పితికావా?"

"నువ్వు తాగేది మానేసి వంకలెడతావేంటి బావా?"

"మానేస్తే నీ కొట్టెవడు చూస్తాడు? అల్లం దంచమంటే ముక్కలు చేశావు. ఇలా తే!"

నాన్న పాత గొంతు మళ్ళీ విన్నట్టు అనిపించింది. నేనూ అక్కా బయటే నిలబడిపోయాం. అంతలో నాన్న మమ్మల్ని చూశాడు. గొంతు తగ్గిపోయింది. తుండుగుడ్డతో బల్ల తుడిచి, "రండమ్మా, కూర్చోండి. ఎండన పడి వచ్చారు" అన్నాడు.

"కూతుళ్ళని బేరగాళ్ళలాగ చూత్తావేంటి బావా?" అని గంగరాజు మావయ్య నవ్వాడు. మేము నవ్వకపోయేసరికి ఊరుకున్నాడు.

అక్క మొత్తం చెప్పింది. ఎలుక సంగతి కూడా. నాన్న తల వంచుకుని విన్నాడు.

"తెలుస్తూనే ఉందమ్మా" అన్నాడు. "మీరు నా కూతుళ్ళని నాకు తెలుసు. హైమ పుట్టినప్పుడు ఎంత వాన పడిందో కూడా చెప్పగలను. తెలియకేం. కానీ ఇంటికొస్తే ఎవరో చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది. మంచివాళ్ళే. బాగా చూస్తారు. వాళ్ళకి ఇబ్బంది లేకుండా ఎప్పుడు లేచి వెళ్ళిపోదామా అని ఉంటుంది."

"మరి మాతో చెప్పలేదేం నాన్నా?"

నాన్న ఇబ్బందిగా కదిలాడు. "ఇంటి సంగతులు బయటివాళ్ళతో ఎలా చెప్పుకుంటామమ్మా?"

గంగరాజు మావయ్య పొయ్యి వైపు తిరిగాడు. ఆయనకి ముందే తెలుసు. నాన్న ఆయనతో చెప్పుకున్నాడు.

*

కొన్ని వారాలకి ఒక సాయంత్రం అక్క రెండు సీసాలు తెచ్చి వసారాలో పెట్టింది. నాన్న కుర్చీలో కూర్చోలేదు, పీట అంచున కూర్చున్నాడు. నానమ్మ లోపల మంచం మీద ఏదో పాత పాట గొణుక్కుంటోంది.

"ఇది మనింటి తావి" అంది అక్క ఒక సీసా చూపించి. "నానమ్మకి పెట్టిందే. నాన్న ఒక్క చుక్క వేసుకుని ఇది పీలిస్తే చాలు. రేపటికల్లా చెప్పులు ఎక్కడ పడితే అక్కడ విసిరేస్తాడు."

"ఆ రెండోది?" అంది అమ్మ.

"అది అన్నింటినీ కడిగేస్తుందమ్మా. కొట్లన్నీ పోతాయి. కానీ పాతది తిరిగి రాదు. ఖాళీ అవుతుందంతే. ఆ ఖాళీలో తర్వాత ఏం చేరుతుందో నేను చెప్పలేను. కడిగిన ఎలుకల్లో కొన్ని పిల్లల దగ్గరికి వచ్చాయి. కొన్ని..." అక్క ఆగింది. "కొన్ని ఏ ఇంట్లోకీ వెళ్ళలేదు. గోడవారనే ఉండిపోయాయి."

"మరి ఇంకేం, మొదటిదే వెయ్యి" అన్నాను నేను. నాకు నాన్న కావాలి. ఎలా వచ్చినా సరే.

 అమ్మ నాన్న వైపు తిరిగి అడిగింది. "మీరేమంటారు?"

"మీరెలా అంటే అలాగేనండీ" అన్నాడు నాన్న.

అమ్మ ముఖం ఎర్రబడింది. "విన్నావుగా" అంది అక్కతో. "మీ నానమ్మంటే పెద్దది. ఆవిడకి వేరే దారి లేదు, సీసా ఉన్నన్నాళ్ళు సీసా. ఈయనకి కూడా సీసాయేనా? అది అయిపోయిన రోజు మళ్ళీ తలుపు తడతారుగా. నా ఇంటికి నా మొగుణ్ణి సభ్యుడిగా చేర్చుకోనే అమ్మాయ్. రెండోదే ఇవ్వు."

"గోడవార ఉండిపోతే?" అంది అక్క.

"గోడయితే నాదేగా."

నాన్న రెండో సీసా అందుకున్నాడు. అలవాటుగా ముందొక చుక్క అరచేతిలో వేసుకుని నాకి చూశాడు. "వగరు" అన్నాడు. మిగిలింది తాగేశాడు.

*

అక్క నన్ను వెంటబెట్టుకుని కొట్టు కొట్టుకీ వెళ్ళి సీసాలు వెనక్కి అడిగింది. కొందరు ఇచ్చేశారు. "మాకేం కాలేదుగా, మా బేరం పాడు చెయ్యకమ్మా" అని టైలరు తలుపేసుకున్నాడు. ఆయన భార్య మాత్రం సందు చివరి దాకా మా వెనకే వచ్చి, ఏదో అడగబోయి, అడగకుండానే వెళ్ళిపోయింది. సభ్యులందరికీ కడిగే మందు తయారు చెయ్యడం ఇప్పుడు అక్క పని. అందరూ తాగడానికి ఒప్పుకోవడం లేదు. ఆ సంగతి తలుచుకుని అక్క సరిగా అన్నం కూడా తినడం లేదు.

నాన్నకి కొట్లన్నీ వట్టి కొట్లయిపోయాయి. గంగరాజు మావయ్య దగ్గరికి వెళ్ళి, బయట బల్ల మీద కూర్చుని టీ తాగి, డబ్బులు పెట్టి వచ్చాడట. మేకుకి ఉన్న తన గ్లాసు వైపు చూడను కూడా చూడలేదట. మావయ్య మా ఇంటికి వచ్చి ఆ సంగతి చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

మా ఇల్లూ వట్టి ఇల్లే. నాన్న రోజూ అరుగు మీద కూర్చునేవాడు. నేను రోజూ నీళ్ళిచ్చేదాన్ని. ఒకరోజు సాయంత్రం ఎంతకీ రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే పెదలంక బస్టాండులో బెంచీ మీద ఉన్నాడు. దారి మర్చిపోయాడేమోనని భయపడ్డాను.

"దారి తెలుసమ్మా" అన్నాడు. "ఎక్కడ కూర్చున్నా ఒకలాగే ఉంది. అందుకని లేవలేదు."

ఆ మర్నాటి నుంచి అమ్మ కూరల్లో ఉప్పు ఎక్కువ వెయ్యడం మొదలుపెట్టింది.

మొదటి ముద్దకే నాకు పొలమారింది. "అమ్మా, ఉప్పు..." అనబోతే అమ్మ కళ్ళతోనే ఆపేసింది. నాన్న ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగాడు. మింగాడు. "బాగుందండీ" అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది. చుట్టం ఎప్పుడూ వంక పెట్టడు. పెట్టేవాడు ఇంటి మనిషి ఒక్కడే. అమ్మ ఆ వంక కోసం కాచుకుని కూర్చుంది.

రోజులు గడుస్తున్నాయి. పప్పుచారు ఉప్పు కషాయం. వంకాయ ఉప్పు ముద్ద. నానమ్మకి విడిగా తీసిపెట్టినా, ఒకసారి గిన్నెలు మారిపోయి, "ఏమే సత్యవేణీ, సముద్రంలో గానీ కడిగావా వంకాయలు?" అని కేకలేసింది. నాన్న మాత్రం ఆమెకి సర్దిచెబుతూ, "లేదమ్మా, బాగానే ఉన్నాయి" అన్నాడు. అమ్మ లేచి పెరట్లోకి వెళ్ళిపోయింది. చాలాసేపు రాలేదు.

మేమూ అదే తినేవాళ్ళం. బిందెలకి బిందెలు నీళ్ళు తాగేవాళ్ళం. చివరికి అమ్మ కాళ్ళు పొంగాయి. అక్క వేలితో నొక్కితే సొట్ట అలాగే ఉండిపోయింది.

"ఇక చాలమ్మా" అంది అక్క. "నిన్ను నువ్వు చంపుకుంటావా? నాన్న మామూలుగా ఉన్నాడు. మర్యాదగా ఉన్నాడు. కొందరు అంతే ఉంటారు."

"మర్యాదగానే ఉన్నారు" అంది అమ్మ.  ఆ రోజు గోంగూర పప్పు చేసింది. ఉప్పు సమంగా వేసింది. వేస్తున్నప్పుడు ఏదో ఒప్పేసుకుంటున్నట్టు చెయ్యి బరువుగా కదిలింది.

నాన్న వచ్చాడు. నీళ్ళు తాగాడు. విస్తరి ముందు కూర్చున్నాడు. పప్పు కలుపుకుని ముద్ద పెట్టుకున్నాడు. ఆగాడు. నాలిక ఒకసారి అంగిట్లో తిప్పాడు, జాడీ మూత తీసినప్పుడు తిప్పేవాడే, అలాగ.

"ఇదేంటి?" అన్నాడు.

ఎవరం కదల్లేదు.

"అసలు ఉప్పు వేశావా ఇందులో?"

"వేశానండీ" అంది అమ్మ. "సరిపోయిందిగా."

"ఎక్కడ సరిపోయింది? గడ్డిలా ఉంటేనూ! రోజూ ఎంత బాగా చేస్తావు, ఇవాళేమైంది నీకు?"

అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నాన్న తిరిగి రాలేదు. పాత నాన్నయితే ఇంత ఉప్పగా తిని ఊరుకునేవాడా, గిన్నె పెరట్లోకి విసిరేసేవాడు. ఈయన ఆ ఉప్పుకే అలవాటు పడిన మనిషి. ఈ ఉప్పటి రోజుల్లోనే ఎక్కడో వచ్చి చేరాడు.

నాన్న ఇక చూడలేనట్టు లేచాడు. ఎంగిలి చెయ్యి పైకి పట్టుకుని, ఎవరినీ ఏమీ అడక్కుండా, వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళాడు. ఇన్నాళ్ళలో ఆ గడప దాటడం అదే మొదటిసారి. లోపల డబ్బాలు కదిలిన చప్పుడైంది. ఏదో కింద పడింది.

"ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టి చచ్చావే?" అని కేక.

అది ఎప్పుడూ ఉండేచోటే ఉంది. ఆయనకి తెలియదు. చూపిద్దామని నేను లేవబోయాను.

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఉండవే" అంది. "వెతుక్కోనీ."

నాన్న ఒక్కో మూతా తీసి వేస్తున్న చప్పుడు వింటూ, విస్తళ్ళ ముందు మేమలాగే కూర్చున్నాం.